కింది పెదవితో చలి చూసే మేస్త్రి

శవాలను పెట్టే ఫ్రీజరు బాక్సు అద్దెకిచ్చే పెనుకొండాయన ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురం మార్కెట్ పక్కన నా ఆటోలో కూర్చుని టీ తాగుతున్నాను. నాది లగేజీ ఆటో. ఆయన బాక్సును ఊరూరికి మోసేది నేనే. ఎవరికి అని ఎప్పుడూ అడగను. అడిగితే దారి పొడుగునా దిగులు మొహం పెట్టుకొని నడపాల్సి వస్తుంది. అది బండికి మంచిది కాదు.

"ఈసారి మీ హిందూపురానికే అప్పా," అన్నాడాయన. "చర్చి వెనక సందు. ఎవరో ఫ్రిజ్ మెకానిక్ అంట. నిన్న సాయంత్రం పోయినాడంట. చెల్లెలు బళ్లారి నుంచి రావల్లంట, అంతదాకా పెట్టుకుంటారంట."

ఆ సందులో ఫ్రిజ్ మెకానిక్ ఒక్కడే ఉన్నాడు. 'ఉన్నాడు' అన్న మాటను మార్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. సినిమాల్లో అయితే ఇలాంటప్పుడు చేతిలోని గ్లాసు జారి పగిలిపోవాలి. నాది కాగితం గ్లాసు. మిగిలిన టీ తాగేసి, గ్లాసు చెత్తబుట్టలో వేసి, పెనుకొండకు బండి తీశాను.

ఆయన్ను అందరూ మేస్త్రి అనేవాళ్లు. నేనూ అంతే. అరవై దాటిన సన్నపాటి మనిషి. మీసం తెల్లగా, చేతులు నల్లగా, కింది పెదవి మాత్రం ఏ పనీ చేయని వాడి పెదవిలా మెత్తగా ఉండేది. నిజానికి ఆయన ఒంట్లో అన్నిటికంటే ఎక్కువ పని చేసింది అదే. చలి ఎంత ఉందో చూపించే మీటరు ఒకటి ఆయన దగ్గర ఉండేది. అది కస్టమర్ల కోసం. తనకు మాత్రం పెదవి. గ్యాస్ ఎక్కించాక వంగి, సన్నటి రాగి గొట్టానికి కింది పెదవి ఆనించి, కళ్లు మూసుకొని, లోపల ఎవరో మెల్లగా మాట్లాడుతుంటే వింటున్నట్టు ఉండిపోయేవాడు. చూస్తున్న ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

"ఏం మేస్త్రీ, మా ఫ్రిజ్‌కు ముద్దు పెడతాండావు?"

"ముద్దు పెడితేనే గదమ్మా అది నిజం చెప్పేది," అనేవాడు, కళ్లు తెరవకుండానే.

బీకాం అయిపోయి, ఉద్యోగం రాక, వస్తుందన్న భయం కూడా పోయాక, మా నాయన నాకు ఈ ఆటో ఇప్పించాడు. నాకు మొదట దొరికిన బాడుగలు మేస్త్రివే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దాకా ఆయనకు పాత గిరాకీ ఉండేది. చెడిపోయిన ఫ్రిజ్‌లను తేవడం, బాగైనవాటిని దింపి రావడం నా పని. ఆరేళ్లు చేశాను. ఈ ఆరేళ్లలో ఆయన నా జోకు ఒక్కదానికైనా వెంటనే నవ్వలేదు. ఉదయం ఏదో అంటాను. గోడకు చెప్పినట్టే ఉంటుంది. మధ్యాహ్నం ఏ కంప్రెసరుకో తల దూర్చి పని చేస్తూ ఉన్నట్టుండి భుజాలు కదిలేవి. "నీ యబ్బ, ఇప్పుడు అర్థమాయె," అనేవాడు. ఆపాటికి ఆ జోకు ఏమిటో నేనే మరిచిపోయి ఉంటాను.

బాగుచేసిన ఫ్రీజర్‌ను పరీక్షించాలంటే అందరూ గిన్నెతో నీళ్లు పెడతారు. తెల్లారి గడ్డ కడితే పాస్. మేస్త్రికి నీళ్ల మీద నమ్మకం లేదు.

"నీళ్లు మోసగత్తెలబ్బా. పైన పొర కట్టేసి లోపల నీళ్లుగానే కూచుంటాయి. చూసేవానికి గడ్డ మాదిరే కనిపిస్తాది. కండ అట్ల కాదు. నట్టనడుమ దాకా చలి పోతేనే అది గట్టిపడేది."

అందుకని ఆదివారం చర్చి నుంచి నేరుగా మార్కెట్‌కు పోయి, రెండు కేజీల పెద్దకూర తెచ్చేవాడు. ఎనుము తొడ, అంటే గేదెది, ఎముక లేకుండా, ఒకటే గడ్డ. దాన్ని ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి, ఆ వారం బాగైన ఫ్రిజ్‌లో పెట్టేవాడు. సోమవారం పొద్దునకు గడ్డ రాయి అయిందంటే ఫ్రిజ్ ఇంటికి పోతుంది, గడ్డ పొయ్యి మీదికి పోతుంది. ఎవరి ఫ్రిజ్‌లో ఏం పెట్టి పరీక్ష చేశాడో ఆ ఇంటివాళ్లు ఎప్పుడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. తర్వాత లోపలంతా వేడి సోడానీళ్లతో తుడిచేవాడు, తలుపు రబ్బరు మడతలతో సహా. ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా అంత కడుక్కోడు.

మా వైపు మాంసం అంటే ముక్కలు. ముక్కలు కొట్టకుండా గడ్డంతా అలాగే వండడాన్ని నేను మొదట ఆయన అంగట్లోనే చూశాను. ఇదేం పద్ధతి, తెల్లదొరల దగ్గర నేర్చుకున్నారా అని అడిగితే ఎగాదిగా చూశాడు. "రాయైనదాన్ని యాడ కోస్తావబ్బా? కత్తి పోతాది, లేకుంటే వేలు పోతాది. అందుకే అట్లే ఏస్తాండా." రోస్టు అన్న పేరు కూడా తర్వాత ఎవరో పెట్టారు.

కరిగించి వండొచ్చు కదా అంటే మాత్రం కోపం వచ్చేది. "కరగబెట్టుకుంటా కూచుంటే ఈగలు తింటాయి, మనం చూస్తాం. చలిలో నుంచి నేరుగా మంటలోకి పోవల్ల. నడుమ ఊగులాడితేనే చెడేది."

మందపాటి సత్తు దేక్సాలో నూనె పొగలొచ్చేదాకా కాచి, ఆ మంచుగడ్డను మెల్లగా దింపేవాడు. అది చేసే రొదకు వీధికుక్కలు లేచి దూరం జరిగేవి. "అరవనీ. అరిచినంతసేపూ అరిచి అదే ఊరుకుంటాది," అంటూ అన్ని పక్కలా ఎర్రబారేదాకా తిప్పేవాడు. తర్వాత ఎర్రగడ్డలు, అల్లం, తెల్లగడ్డ, దంచిన మిరియాలు, రెండు లవంగాలు, కాసిని నీళ్లు. మూత. మూత మీద బరువుకు ఒక చచ్చిన కంప్రెసరు. సన్నటి మంట. ఉప్పు మాత్రం అప్పుడు వేసేవాడు కాదు. "రాయికి ఉప్పు రాస్తే ఏమొస్తాది? కరిగినాంక అదే అడుగుతాది." మామూలుగా పట్టేదానికి ఇంకో సగం ఎక్కువ సేపు పట్టేది. ఆలోపు ఇంకో ఫ్రిజ్ విప్పేవాడు.

మధ్యలో ఒకసారి లేచి వచ్చి, వేడినీళ్లలో కడిగిన సైకిలు చక్రం పుల్లను గడ్డ నడిమికి గుచ్చి, పదిదాకా లెక్కపెట్టి, బయటికి తీసి కింది పెదవికి ఆనించుకునేవాడు.

"ఇంకా లేవలేదు. ఉండు," అనేవాడు. ఇంకో గంటకు మళ్లీ పుల్ల, మళ్లీ పెదవి. పెదవి చురుక్కుమంటే, "లేసింది," అని ఉప్పు వేసేవాడు. దించి, చల్లారనిచ్చి, పలచగా కోసి, తినేముందు కళ్లు మూసుకొని రెండు మాటలు ప్రార్థన చేసేవాడు. మా అమ్మకు నేను ఆదివారం కోడి వరకే తింటానని నమ్మకం. సోమవారాల సంగతి ఆమె ఎన్నడూ అడగలేదు.

ధర్మవరంలో ఒక అవ్వ ఉండేది. పట్టుచీరల అంగడి వాళ్లు. శనివారం ఆ ఇంట్లోకి ఎర్రగడ్డ కూడా రాదు. ఆమెకు ముప్పై ఏళ్లనాటి ఒంటి తలుపు ఫ్రిజ్ ఒకటి ఉండేది, భర్త కొనిపెట్టింది. కొడుకు కొత్తది తెస్తానంటే, "నేను పోయినాంక తెచ్చుకో," అనేది. అందులో దేవుని పూలు, పెరుగు, మజ్జిగ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. పదిహేనేళ్లుగా అది చెడిపోయినప్పుడల్లా మేస్త్రి పోయి బాగుచేసేవాడు. పోయిన ప్రతిసారీ ఆయనకు చెంబెడు మజ్జిగ.

"మేస్త్రీ, నా మొగుడు కూడా ఈ ఫ్రిజ్ మొహం నువ్వు చూసినన్నిసార్లు చూడలేదు," అనేది.

"ఆయప్పకు మీ మొహం చూసేదానికే సరిపోయుంటాదమ్మా," అనేవాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. నాకు అసూయ వేసేది. నా జోకులకు ఆయన అంత త్వరగా జవాబు చెప్పింది లేదు.

రెండేళ్ల కిందట ఎండాకాలం మొదట్లో ఆ ఫ్రిజ్ అంగడికి వచ్చింది. కంప్రెసరు మార్చాడు. ఆదివారం అందులోనే గడ్డ పెట్టాడు. సోమవారం పొద్దున తలుపు తీసి, డబ్బా మూత ఎత్తి, వేలితో కొట్టి చూశాడు. రాయి. "ఫ్రిజ్ ఎక్కించుకో. డబ్బా తీసి పక్క ఫ్రిజ్‌లో పెట్టి, లోపలంతా తుడువు," అని నాకు చెప్పి, ఎవరో పిలిస్తే ఎదురింటికి పోయాడు.

నేను తీయలేదు. ఎందుకు తీయలేదంటే, ఆ సమయానికి టీ అంగడి వాడికి ఒక జోకు చెబుతున్నాను. జోకు బాగానే వచ్చింది. ఆ ఊపులో తలుపుకు తాడు కట్టి, ఫ్రిజ్ ఎక్కించి, ధర్మవరం పోయి దింపి, ప్లగ్గు పెట్టి, మజ్జిగ తాగి, మధ్యాహ్నం ఒంటిగంటకు హిందూపురం వచ్చేశాను.

దేక్సాలో నూనె కాగుతోంది. "తే అబ్బా," అన్నాడు మేస్త్రి, చేయి చాచి.

పక్క ఫ్రిజ్ తెరిచాను. లేదు. దాని పక్కది తెరిచాను. అంగట్లో ఉన్న ఫ్రిజ్‌లన్నీ తెరిచాను. నేను తలుపులు తెరుస్తున్న వరస చూసి ఆయనకు అర్థమైంది. పొయ్యి ఆర్పాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఇప్పుడు నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"ఐస్‌క్రీమ్ డబ్బా గదా," అన్నాడు నేల చూస్తూ. "ఆ ఇంట్లో మనవళ్లు ఉండారు. బడి నుంచి రాంగానే తెరుస్తారు."

ఈ కాలంలో అలాంటి డబ్బా ఒకటి తప్పు ఇంట్లో తెరుచుకుంటే ఏం జరుగుతుందో మా ఇద్దరికీ తెలుసు. ప్రతి చేతిలో ఫోను ఉంది, ప్రతి ఫోనులో కెమెరా ఉంది. ఆయనకు నాకంటే బాగా తెలుసు. తప్పు నాదే అయినా దెబ్బ పడేది ఆయన వీపు మీద. నేను మెల్లగా, "రేపు పొద్దున సర్వీసింగ్ అని పోదాం మేస్త్రీ, తెరిచుండకపోతే గమ్మున తీసుకొస్తాం," అన్నాను.

"కరగబెట్టకూడదబ్బా. పా, ఇప్పుడే," అని అంగడికి తాళం వేశాడు.

పెనుకొండ దాటాం. కొండ ఎండకు ఎర్రగా కాగుతోంది. "మేస్త్రీ, ఒకటి మాత్రం నిజం. ఫ్రిజ్ అయితే పాస్," అన్నాను. ఆ జోకుకు ఆయన ఎన్నడూ నవ్వలేదు. నేను గమనిస్తూనే ఉన్నాను, రెండేళ్లు.

అవ్వ వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుని ఉంది. నడింట్లో ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి ఉంది. తలుపు మూసే ఉంది. లోపలి పూలు, పెరుగు గిన్నె బయట గచ్చు మీద ఉన్నాయి.

"కోడలు పుట్టింటికి పోయింది," అంది, మేము గుమ్మం ముందు నిలబడగానే. "పిల్లోళ్లు వచ్చేదానికి ఇంకా గంటుండాది. కొడుకు అంగట్లో ఉండాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ఏం మాంసం మేస్త్రీ అది?"

నేను వెనక నిలబడి మనసులో మొత్తుకుంటున్నాను. మేకపోతుది అను. పొట్టేలుది అను. ఏదో ఒకటి అను.

"ఎనుముదమ్మా," అన్నాడు మేస్త్రి. "చలి పట్టిందా లేదా అని చూసేదానికి పెడతాం. తీసేది మర్చిపోయినా. తప్పు నాదే."

నాది, అనడానికి నాకు ఒక్క మాట చాలు. నోటి దాకా వచ్చింది కూడా. వచ్చి అక్కడే కూర్చుంది.

అవ్వ చాలాసేపు చేతివేళ్లు చూసుకుంది. "పదైదేండ్లు వచ్చినావు ఈ ఇంటికి," అంది. "మేకదని రవ్వంత అబద్ధం చెప్పుంటే బాగుండు గదా మేస్త్రీ. నీళ్లు చల్లుకొని ఊరుకుందును."

"నోరు రాలేదమ్మా."

"నోరు రాలేదంట." కుర్చీలోంచి లేచింది. "సరే. ఫ్రిజ్ ఎత్తుకపో. మళ్లీ చెడిపోయిందని నా కొడుకుతో చెప్తా. ఇంక దాన్ని తేవద్దు. నువ్వు కూడా ఈ ఇంటి లోపలికి రావద్దు."

మేస్త్రి తలూపాడు. చివరిసారిగా లోపలికి పోయి, నేనొక పక్క, ఆయనొక పక్క పట్టుకొని ఫ్రిజ్ ఎక్కించాం. ఆయన ఆటో దగ్గర ఎండలో నిలబడ్డాడు. అవ్వ నా వైపు తిరిగి, "పిల్లోడా, మజ్జిగ తాగుతావా?" అంది.

తాగాను. చెప్పుకోవడానికి బాగాలేదు కానీ, తాగాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

అంగడికి వచ్చాక మేస్త్రి ఫ్రిజ్ తెరిచి, డబ్బా తీసి, బొటనవేలితో గడ్డను నొక్కి చూశాడు. అంత ఎండలో, కరెంటు లేకుండా అంత దూరం వచ్చినా ఇంకా రాయిలానే ఉంది. "పని మటుకు బాగా చేసినా," అన్నాడు, ఎవరితోనో తెలియదు. మళ్లీ పొయ్యి వెలిగించాడు. నూనె, ఎర్రగడ్డలు, మిరియాలు, కంప్రెసరు బరువు, పుల్ల, పెదవి, అన్నీ యథాప్రకారం. దించి, కోసి, కంచమంతా నా ముందర పెట్టాడు.

"మీరు?"

"నాకొద్దు. నువ్వు తిను. నీ మరుపు నువ్వే తిను."

ఆ రోజు అది ఎంత రుచిగా ఉందంటే నాకు సిగ్గేసింది.

ఆ తర్వాత ఆయన ఫ్రీజర్లలో నీళ్ల గిన్నె పెట్టడం మొదలుపెట్టాడు. మోసగత్తె నీళ్లు. సోమవారాలు అంగడి ముందు కుక్కలు కాసేపు వాసన వెతుక్కొని పోయేవి. అవ్వ ఫ్రిజ్ మూలన నిలబడింది, శుభ్రంగా, ఖాళీగా, ప్లగ్గు పెట్టి, ఆడుతూ. ఎందుకు ఖాళీ ఫ్రిజ్ ఆడిస్తారు అంటే, "ఊరికే పెడితే చెడిపోతాది," అనేవాడు. ధర్మవరం బాడుగ తగిలినప్పుడల్లా నేను అనేవాణ్ని, "మేస్త్రీ, నేను పోయి నిజం చెప్పేస్తా."

"ఎవరికి? ఏమని? నీకు మజ్జిగన్నా పోస్తాంది. అది కూడా మాన్పించుకుంటావా? సాలు ఊరుకో."

నేను ఊరుకున్నాను. ఊరుకోమంటే ఊరుకోవడం నాకు బాగా వచ్చు.

మొన్నటి ఎండాకాలంలో అవ్వ పోయింది. పెనుకొండ బాక్సు ధర్మవరానికి మోసింది నేనే. ఈసారి ఎవరికి అన్నది దారిలోనే తెలిసింది. ఆమెను వాకిట్లో షామియానా కింద పెట్టారు. కూతురు బెంగళూరు నుంచి రావాలి. పన్నెండుకల్లా బాక్సు గురక పెట్టి ఆగిపోయింది. పైన ఎండ. అద్దం లోపల ఆవిరి పట్టడం మొదలైంది. ఆడవాళ్లు విసనకర్రలు తెచ్చారు. చుట్టాలు తలా ఒక సలహా తెచ్చారు. కొడుకు నా చేయి పట్టుకొని, "మా అమ్మ ఫ్రిజ్ చేసే మేస్త్రి ఉండాడు గదా, ఆయన్ను పిలువప్పా. ఈమధ్య ఏంటికో మా ఇంటికి రాడమే మానేసినాడు," అన్నాడు.

ఫోన్‌లో సంగతంతా చెప్పాను. మేస్త్రి ఒకటే అడిగాడు. "ఆయమ్మ యాడుండాది?"

"వాకిట్లో, షామియానా కింద."

"లోపల కాదు గదా?"

"కాదు మేస్త్రీ."

"వస్తా."

ఎవరి బండో అడిగి తెచ్చుకొని, రెండు గంటల్లోపే వచ్చాడు. సంచిలోంచి నల్లటి బిళ్లంత భాగం ఒకటి తీశాడు. దాన్ని రిలే అంటారు, కంప్రెసరు లేవడానికి మొదటి తోపు ఇచ్చేది అదే. వీధిలో వెల్లకిలా పడుకొని, బాక్సు కిందికి దూరి, కాలిపోయినదాన్ని తీసి దీన్ని బిగించాడు. బాక్సు ఒకసారి దగ్గి, మళ్లీ అందుకుంది. అప్పుడు మోకాళ్ల మీద లేచి, గొట్టానికి కింది పెదవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆయన ఎప్పుడూ ఉండేదానికంటే ఎక్కువసేపు ఉన్నాడు. చూసేవాళ్లకు ఆయన ఆమె పాదాలకు మొక్కుతున్నట్టు తోచింది. నాకు మాత్రం గొట్టం అక్కడే ఉంటుందని తెలుసు.

"లోపలికి రా మేస్త్రీ, రోంత మజ్జిగ తాగుదువు," అన్నాడు కొడుకు.

"చేతులు మసి సామీ. ఇంకోసారి," అన్నాడు. కూతురు వచ్చేదాకా వాకిలి ఇవతలే, బాక్సు పక్కనే నిలబడ్డాడు.

తిరిగి వస్తున్నప్పుడు, ఆ బండిని కూడా నా ఆటోలోనే ఎక్కించి, నా పక్కన కూర్చున్నాడు. పెనుకొండ దగ్గర కార్ల కంపెనీ బస్సుల వెనక ఇరుక్కుపోయి ఉన్నప్పుడు మెల్లగా అన్నాడు, "ఆయమ్మే బయటికొచ్చింది. నేను లోపలికి పోలే. మాట తప్పలే గదబ్బా?"

"తప్పలేదు మేస్త్రీ." తర్వాత అడిగాను, "ఆ రిలే యాడ దొరికింది అంత తొందరగా?"

"ఆయమ్మ ఫ్రిజ్‌ది. పీక్కొచ్చినా."

దానికి నా దగ్గర జోకు లేదు. వెతికాను.

కర్మ అయ్యేదాకా ఆగి, అవ్వ ఫ్రిజ్‌కు కొత్త రిలే బిగించాడు. అన్ని రోజులు ఎందుకు, మనం వాళ్ల చుట్టాలమా అంటే, "ఫ్రిజ్ చుట్టమే గదా," అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం నేను అంగడికి పోయేసరికి, చర్చి చొక్కా ఇంకా విప్పకుండానే, అవ్వ ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి ఉన్నాడు. లోపల ఐస్‌క్రీమ్ డబ్బా. రెండేళ్ల తర్వాత.

"రేపు రా," అన్నాడు. "తిందాం. ఈసారి నేను కూడా తింటా."

"మేస్త్రీ, అవ్వ పైనుంచి చూస్తాంటాది. అడిగితే ఈసారన్నా మేకది అని చెప్పు," అన్నాను.

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. డబ్బాను సరిగ్గా జరిపి తలుపు వేశాడు. అది మామూలే కాబట్టి నేను బండి తీశాను. ఆ సాయంత్రమే పోయాడు.

బాక్సును ఆయన ఇంటి ముందు దింపి, ప్లగ్గు పెట్టి, లేచిందో లేదో చూడాలి. మీటరు నాకు వాడటం రాదు. వంగి, గొట్టానికి కింది పెదవి ఆనించాను. వెనక ఎవరో ఆడమనిషి, "పాపం, ఎంత ప్రేమో," అంది. నేను చలి చూస్తున్నానమ్మా అని చెబుదామనుకున్నాను. గొట్టం చల్లగానే ఉంది. ధర్మవరం రిలే బాగానే పని చేస్తోంది. కొంచెం ఎక్కువసేపే అలా ఉన్నాను.

సమాధి చేసిన నాలుగో రోజు ఆయన భార్య నన్ను పిలిపించింది. నేను ఎప్పుడూ అక్కా అని పిలిచే మనిషి, ఎక్కువ మాట్లాడదు. అంగడి తాళం నా చేతిలో పెట్టింది. "ధర్మవరం ఆయమ్మ ఫ్రిజ్‌లో ఒక గడ్డ ఉండాదంట గదా. పారేసేదానికి నాకు చేతులు రావు. వండేదానికి నాకు రాదు. నువ్వు చూసినావు గదా ఇన్నేండ్లు."

చూశాను, నిజమే. చూడటానికి, చేయటానికి మధ్య ఎంత దూరం ఉందో నూనె కాగాక తెలిసింది. గడ్డను దింపగానే అది అరిచింది. అరవనిచ్చాను. కుక్కలు జరిగాయి. చేయి రెండు చోట్ల కాలింది. ఎర్రగడ్డలు, అల్లం, మిరియాలు, లవంగాలు, నీళ్లు, మూత, మూత మీద కంప్రెసరు. అక్క అవ్వ ఫ్రిజ్‌కు ఆనుకొని స్టూలు మీద కూర్చుంది. గంటన్నరకు పుల్ల గుచ్చి, పదిదాకా లెక్కపెట్టి, పెదవికి ఆనించుకున్నాను. నడుమ ఇంకా చలి. ఆయన పెట్టిన చలి.

"ఇంకా లేవలేదు. ఉండు," అన్నాను. అక్క నా వైపు చూసింది. నేను దేక్సా వైపు చూశాను.

మూత పెట్టాక అక్క ఉన్నట్టుండి అంది, "ఆ పొద్దు సాయంత్రం, నొప్పి రాకముందు, ఈడనే కూచుని ఒక్కడే నవ్వుకున్నాడు. భుజాలు ఊగేటట్ల. ఏమిటికి అంటే, ఆ పిల్లోడు పొద్దున ఏందో అన్నాడులే, ఇప్పుడు అర్థమాయె అన్నాడు. ఏమన్నావప్పా నువ్వు?"

చెప్పడానికి ప్రయత్నించాను. రెండు మాటలు వచ్చాయి. మిగిలినవి రాలేదు. పొగ అన్నాను. అప్పటికి పొగ లేదు. అక్క మళ్లీ అడగలేదు.

ఇంకో గంటకు పుల్ల చురుక్కుమంది. దించాను. పలచగా కోశాను. ఆయన కోసినంత పలచగా రాలేదు. రెండు కంచాల్లో పెట్టాను. అక్క కళ్లు మూసుకొని ప్రార్థన చేసింది. నేను కళ్లు తెరుచుకొని ఆగాను. మొదటి ముక్క ఆమె నోట్లో పెట్టుకుంది. తర్వాత నేను పెట్టుకున్నాను.

ఉప్పు లేదు. కరిగాక అదే అడుగుతుందన్నాడు. అడిగే ఉంటుంది, నేనే వినలేదు. మళ్లీ మరిచాను.

తలెత్తి చూశాను. అక్క ఇంకో ముక్క తీసుకుంది. నమిలింది. కంచం వైపే చూస్తూ ఇంకొకటి తీసుకుంది.

"ఎట్లుండాది అక్కా?"

"బాగుండాదప్పా," అంది. "అచ్చం ఆయప్ప చేసినట్లే ఉండాది."

నేను కూడా బాగుందనే అన్నాను. ఇద్దరం కంచాలు ఖాళీ చేశాం.